తమ్ముడి చోటు భర్తీ అయింది

అక్టోబరు 4

ఒరేయ్,

నీతో ఈ జన్మలో మాట్లాడనని బస్సులో ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. అందుకని రాస్తున్నాను. ఇది మాటల కింద లెక్క కాదు, సంబరపడకు.

"అక్కా, కొండవాళ్ళ పండగ చూసొద్దాం, నువ్వు కుట్టుమిషన్ వదిలి బయటికి కదిలిందెప్పుడు, బస్సులో బోలెడంత జనం, సరదాగా ఉంటుంది" అని మూడు నెలలు నా చెవిలో ఊదరగొట్టిందెవరు? నువ్వు. పక్కపక్క సీట్లు పట్టిందెవరు? నువ్వు. తీరా బస్సు కదిలే వేళకి పత్తా లేనిదెవరు? నేను డ్రైవరు కాళ్ళావేళ్ళా పడి ఇరవై నిమిషాలు ఆపించాను. నలభై మంది నన్ను కొరకొరా చూశారు. పదహారో సీట్లో నేను, పదిహేడో సీట్లో నా సంచి. దారిపొడుగునా ఆ సంచితోనే కబుర్లు చెప్పుకున్నాను. నీకంటే అదే నయం, పెట్టినచోట ఉంది.

యాత్ర సంగతి చెబుతాను. అందరికీ పసుపు టోపీలిచ్చారు. ముందు జెండా పట్టుకుని ఒకాయన నడుస్తాడు, మేం వెనకాల. కొండవాళ్ళు మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడతారురా. అయినా జెండాయన ఊరుకోడే! వాళ్ళ పెద్దమ్మ, ఆ ఊరికి పెద్దదిక్కు ఆవిడే, "మంచినీళ్ళు తాగుతారా?" అంది. ఈయన మావైపు తిరిగి "వీరు మంచినీళ్ళు తాగుతారా అని అడుగుతున్నారు" అని కేక పెట్టాడు. తాగుతాం అన్నాం. ఆవిడవైపు తిరిగి "తాగుతారట" అన్నాడు. రెండ్రోజులూ ఇదే వరస.

కార్యక్రమం కాగితంలో నాలుగోది "చోటు నింపుట, నలభై ఐదు నిమిషాలు, టీతో సహా" అని ఉంది. అంటే ఏమిటంటే, వాళ్ళలో ఎవరైనా పోయినా, వదిలేసి వెళ్ళిపోయినా, ఆ చోటు ఖాళీగా ఉంచరు. అమ్మ లేనివాళ్ళకి అమ్మని, అన్న లేనివాళ్ళకి అన్నని పండగనాడు కూర్చోబెడతారు. ఒక చెక్కబల్ల ఉంటుంది, ఇద్దరికే సరిపోతుంది. ఇద్దరూ దానిమీద కూర్చుని ఒకే సొరకాయ బుర్రలో నీళ్ళు తాగితే అయిపోయింది, చచ్చేదాకా చుట్టాలే. వచ్చిన అతిథులకీ అంతే. మా బస్సులో ఒక పళ్ళ డాక్టరున్నాడు. ఆయన ఇకిలిస్తూ "మాకు అత్తగారు లేరండీ" అన్నాడు. ఆ లేకపోవడం ఎంత హాయో ఆ పళ్ళల్లోనే కనిపించింది. రెండు నిమిషాల్లో ఆయనకో అత్తగారిని తెచ్చి కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ మనిషి నవ్వితే ఒట్టు.

నా వంతు వచ్చింది. "నీకెవరు లేరమ్మా?" అంది పెద్దమ్మ. నా చూపు ఒళ్ళో ఉన్న సంచి మీద పడింది. ఒళ్ళు మండిపోయింది. "తమ్ముడు లేడు" అన్నాను. "లేడా?" అంది. "లేడు" అన్నాను. మూడోసారి కూడా అడిగింది, ఆలోచించుకో అన్నట్టు. మూడోసారి కూడా అదే చెప్పాను. జెండాయన "ఈమెకు తమ్ముడు లేడట" అని ముగించాడు.

ఇళ్ళ కప్పులు వేసే మేస్త్రి ఒకాయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నీకంటే ఐదేళ్ళు పెద్దే ఉంటాడు. నీళ్ళు తాగి మూతి తుడుచుకుని "అక్కా, ఆ సంచి ఇలా ఇవ్వు, బరువుగా ఉంది" అన్నాడు.

నీకు తెలియాలని రాశాను. అంతే.

ఒకప్పుడు నీ అక్క

&nbsp;

అక్టోబరు 11

అక్కా,

నేను బతికే ఉన్నాను! ముందు ఆ సంగతి గమనించు. నిక్షేపంలా ఉన్న మనిషిని పట్టుకుని, నలభై మంది సాక్ష్యంగా, పైగా అనువాదంతో సహా లేడని చెప్పేస్తావా?

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను, నవ్వకు. పొద్దున్నే బయల్దేరబోతుంటే ఒక పెద్ద బిల్డింగులో లిఫ్టు ఆగిందని కబురొచ్చింది. పది నిమిషాల పనే కదా అని వెళ్ళాను. బాగుచేశాను. సరిగ్గా ఉందో లేదో చూద్దామని లోపలికెక్కాను. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య అది మళ్ళీ ఆగిపోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. గంట నొక్కితే బయట వాచ్‌మన్ "కంగారు పడకండి, లిఫ్టు మెకానిక్ వచ్చాడు, లోపలే ఉన్నాడు" అని అందరికీ ధైర్యం చెబుతున్నాడు. నాలుగు గంటలక్కా! ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి, ఎవరికి చెప్పుకోను?

ఇక ఆ మేస్త్రి సంగతి. అదంతా టూరిస్టుల కోసం ఆడే ఆట. టీతో సహా అని వాళ్ళే రాశారు కదా! వచ్చే బస్సులో ఇంకో అక్క దొరుకుతుంది ఆయనకి. మర్చిపో. ఆ పిచ్చి ఒట్టు తీసెయ్యి. నాకున్నది నువ్వొక్కదానివే. పదకొండు రోజులైంది నీ గొంతు విని, తిట్లయినా సరే, ఒక్కసారి ఫోనెత్తి మాట్లాడు.

నీ ఒక్కగానొక్క, బతికున్న తమ్ముడు

&nbsp;

అక్టోబరు 19

ఒరేయ్,

లిఫ్టు బాగుచేసేవాడు లిఫ్టులో ఇరుక్కున్నాడా? చెప్పేవాడికి వినేవాడు లోకువ. నా కంటి ఆపరేషన్ నాడు "దారిలో ఉన్నానక్కా" అన్నావు. కట్టు విప్పారు, ఇంటికొచ్చాను, చుక్కల మందు సీసా అయిపోయింది, నువ్వింకా దారిలోనే ఉన్నావు. ఇప్పటికీ ఆ దారిలోంచి బయటపడలేదనుకుంటాను.

మొన్న ఫోన్ చేశావు. ఎత్తాను. మాట్లాడలేదు. రిసీవరు తీసి మిషన్ పక్కన పెట్టి రెండు గౌన్లు కుట్టాను. నువ్వు "అక్కా, అక్కా" అంటూ ఒక గౌను అయ్యేదాకా ఉన్నావు. రెండోదానికి ఓపిక పట్టలేదు.

ఆట అన్నావుగా, విను. ఆదివారం పొద్దున షాపు తీసేసరికి గుమ్మంలో కప్పు మేస్త్రి! వెంట నలుగురు చుట్టాలు. బస్సు టాపు మీద నిచ్చెన వేసుకొచ్చారు. షాపు కప్పు కారుతోందని నేను పండగలో మాటవరసకి అన్నానట. నాకే గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. ఆ కారే చోటు గురించి నీకు ఎన్నిసార్లు చెప్పాను? మూడు వర్షాకాలాల నుంచి ఆ చుక్కల కింద బకెట్టు పెట్టుకుని కాజాలు కుడుతున్నాను.

పైకెక్కి చూసి, ఇది ఒక్కరోజుతో అయ్యే పని కాదక్కా, వచ్చిపోతూ ఉంటాను అన్నాడు. చుట్టాలకి టీ పెట్టాను. అందరూ నన్ను వరసపెట్టి పిలుస్తున్నారు. ఒకావిడకి నేను ఆడపడుచునట, వచ్చీ రాగానే నన్ను వేళాకోళం చెయ్యడం మొదలెట్టింది. షాపులో ఇంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

గోడమీద నీ స్కూలు ఫొటో చూసి "ఈ అబ్బాయెవరక్కా?" అన్నాడు. "తెలిసినవాళ్ళబ్బాయి" అన్నాను.

పళ్ళ డాక్టరు గారి అత్తగారు కూడా దిగిందట. ఆయన క్లినిక్‌లో ముందుగదిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "మా అల్లుడి చెయ్యి మెత్తన" అని చెబుతోందట. పేషెంట్లు పెరిగారని భార్య చెప్పింది. ఆయన మాత్రం తలుపేసుకుని లోపలే ఉంటున్నాడట.

మేస్త్రి అక్క

&nbsp;

అక్టోబరు 28

అక్కా,

"తెలిసినవాళ్ళబ్బాయి"! బాగుంది. చాలా బాగుంది. ఆ మాట చదివి ఆ పూట అన్నం మానేశాను. తర్వాత ఆకలేసి తిన్నాననుకో, కానీ రుచి తెలియలేదు.

నాకు ఆ మేస్త్రి మీద అనుమానంగా ఉంది. ఊరికే కప్పులు బాగుచేసేవాడు లోకంలో ఉంటాడా? షాపు మీద కన్నేశాడేమో చూసుకో.

నేను ఊరుకోలేదు. టూరు ఆఫీసుకి వెళ్ళి జెండాయన్ని నిలదీశాను. "ఎక్కనివాళ్ళ చుట్టరికాలకి మా బాధ్యత ఉండదండీ" అన్నాడు. అక్కణ్ణుంచి సర్కారు ఆఫీసుకి వెళ్ళి, నేను నీ తమ్ముణ్ణని ధ్రువపత్రం పుట్టించాను. గుమాస్తా "ఆస్తి తగాదానా?" అన్నాడు. "కాదండీ, అక్క తగాదా" అన్నాను. జాలిపడి రెండు ముద్రలు కొట్టాడు. నకలు ఒకటి దీంతో పంపుతున్నాను, షాపులో అద్దం కట్టించి పెట్టు. ఆ మేస్త్రి కంట పడేలా పెట్టు.

కోతలయ్యాక డిసెంబరులో పండగ రెండో విడత ఉందట. సీటు తీసుకున్నాను. పదిహేడో నంబరే అడిగి మరీ తీసుకున్నాను. వెళ్ళి, నా చోటు నేను వెనక్కి తెచ్చుకుంటాను.

ముద్రాంకిత తమ్ముడు

&nbsp;

నవంబరు 9

ఒరేయ్,

ధ్రువపత్రం అందింది. అద్దం కట్టించలేదు. వెనకవైపు ఖాళీగా ఉంటే ఒక గౌను కొలతలు రాసుకున్నాను.

వెళ్తావా? వెళ్ళు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది నీ వ్యవహారం. పైన చలి కొరికేస్తుంది, చెవులకి మఫ్లరు చుట్టుకో. నీకు చెవిలోంచే జలుబు మొదలవుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఇది ప్రేమతో రాయడం లేదు, ఆరోగ్యశాస్త్రం ప్రకారం రాస్తున్నాను.

నా కొలతల టేపు ఆ బల్ల దగ్గరే మర్చిపోయి వచ్చాను. కనబడితే తీసుకురా. తీసుకొచ్చి పోస్టులో పంపు.

టైలరు

&nbsp;

డిసెంబరు 14

అక్కా,

కొండమీంచి రాస్తున్నాను. మఫ్లరు చుట్టుకున్నాను. బస్సు ఎక్కాను, అదీ గంట ముందు వచ్చి ఎక్కాను. డ్రైవరు కంటే ముందెక్కాను.

పసుపు టోపీ పెట్టుకుని, ధ్రువపత్రం పట్టుకుని నేరుగా పెద్దమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టుకుని మొత్తం చదివింది. "ముద్ర బాగా పడింది" అంది. తర్వాత "నువ్వు తమ్ముడివని ఆఫీసువాళ్ళు అంటున్నారు. అక్క ఏమంటోంది?" అంది. నేను కాగితం వెనక్కి తీసుకుని మడతపెట్టాను. జెండాయన "ఇతని దగ్గర జవాబు లేదట" అన్నాడు.

మీ మేస్త్రి అక్కడే ఉన్నాడు. కొట్లాటకి సిద్ధమై వెళ్ళాను గానీ, ఆ మనిషితో ఎలా కొట్లాడతావక్కా? నన్ను చూడగానే "స్కూలు ఫొటో!" అని గుర్తుపట్టాడు. "షాపంతా దూది, దారపు పీచు, బట్ట ధూళి. మీ ఫొటో మీద మాత్రం చిటికెడు దుమ్ములేదు. తెలిసినవాళ్ళబ్బాయి ఫొటోని ఎవరు రోజూ తుడుస్తారు? నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అన్నాడు. షాపు మీద కన్నేశాడని రాసినందుకు సిగ్గుపడ్డాను. తనే జరిగి నాకు చోటిస్తానన్నాడు.

కానీ నిండిన చోటు ఖాళీ చెయ్యకూడదట. పోనీ ఇద్దరు తమ్ముళ్ళుంటే తప్పేమిటన్నాను. బల్ల పట్టాలిగా అన్నారు. నీ బదులు నీ కొలతల టేపు బల్ల మీద పెట్టి, అటు మేస్త్రి, ఇటు నేను కూర్చున్నాం. బల్ల ఒరిగింది. అది ఒరక్కుండా జెండాయన పట్టుకోబోయి, మా ఇద్దరికంటే ముందు తనే పడ్డాడు. టూరువాళ్ళందరూ అది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ బల్లని సరిగ్గా నిలబెట్టించింది. "మీ అక్కకి ఇంకెవరు లేరు?" అంది. "అమ్మ నేను పుట్టగానే పోయింది, నాకు ఆరేళ్ళప్పుడు నాన్న పోయాడు" అన్నాను. "అమ్మ చోటు నిండే ఉంది, అక్కడ మీ అక్కే కూర్చుని నిన్ను పెంచింది" అంది. "నాన్న చోటు ఖాళీ. నలభై మూడేళ్ళుగా ఖాళీ. తమ్ముడి చోటు కోసం తన్నుకు చస్తున్నావు గానీ, అంత పెద్ద చోటు కనబడలేదూ నీకు?" అంది.

"నేను అక్క కంటే పదమూడేళ్ళు చిన్నవాణ్ణండీ" అన్నాను.

"వయసెవరడిగారు? అదిగో, మా నాన్న" అని చూపించింది. చూద్దును కదా, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి! నర్సింగు రెండో ఏడు చదువుతోందట. వస్తూనే పెద్దమ్మని పట్టుకుని "మళ్ళీ చెప్పుల్లేకుండా తిరుగుతున్నావా? బీపీ మాత్ర వేసుకున్నావా?" అని కళ్ళెర్రజేసింది. ఊరందర్నీ గడగడలాడించే ఆవిడ "లేదు నాన్నా, ఇప్పుడే వేసుకుంటాను" అని లోపలికి పోయింది.

అక్కా, నేను బల్ల మీద కూర్చున్నాను. నీ టేపు పక్కన పెట్టుకుని నీళ్ళు తాగాను. కానీ ఇంకొకటుంది. పోయినవాళ్ళు చేసిన పని ఒక్కటైనా చేసిచూపితేనే ఆ చోటు ఖాయమవుతుందట. "మీ నాన్న ఆమెకి ఏం చేసేవాడు?" అని అడిగారు. నాకేం తెలుసు? నాకు ఆయన మొహం కూడా ఫొటోలోదే. అంతమందిలో ఏడుపొచ్చేసింది. ఎప్పుడూ నిన్ను అడగలేదు కదా అనిపించింది.

ఆయన ఏం చేసేవాడో రాయి. టేపు నా దగ్గరుంది.

ఇంకా ఖాయం కాని మీ నాన్న

&nbsp;

డిసెంబరు 20

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

మీ నాన్న అని సంతకం పెడతావా నాకు? నీకు ముక్కు తుడిచిన దాన్ని నేను! షాపులో చదువుతూ ఒక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే, ఆల్టరేషన్ కోసం వచ్చినావిడ భయపడి బట్టలు వెనక్కి పట్టుకుపోయింది.

నవ్వాక మళ్ళీ చదివాను. రెండోసారి నవ్వు రాలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నాన్న మిషన్ ముందు తను కూర్చుంటే చేతికుట్టు నాకిచ్చేవాడు. నాకు చిన్నప్పటి నుంచీ దగ్గరి చూపు తక్కువ. సూదిలో దారం ఎక్కేది కాదు, ఏడ్చేదాన్ని. ఒకరోజు పొద్దున షాపుకెళ్ళేసరికి గోడమీద క్యాలెండరుకి పన్నెండు సూదులు గుచ్చి ఉన్నాయి, అన్నిటికీ దారం ఎక్కించి. అప్పట్నుంచీ రోజూ అంతే. షాపు కట్టేముందు, నేను చూడకుండా, మర్నాటికి సరిపడా పన్నెండు గుచ్చి వచ్చేవాడు. నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు.

ఆయన పోయిన మూడో రోజు షాపు తీశాను. క్యాలెండరుకి పన్నెండు సూదులున్నాయి. పదకొండు వాడాను. నీ బడి చొక్కా వాటితోనే కుట్టాను, ఆ ఫొటోలో ఉన్నది అదే. పన్నెండోది వాడలేదు. ఇప్పటికీ నా డబ్బాలో ఉంది, నల్లదారంతో. అది వాడేస్తే ఇంక నాకు ఎక్కించి పెట్టేవాళ్ళు ఉండరని అప్పుడనుకున్నాను. నిజంగానే లేరు. ఆపరేషన్ అయ్యాక మరీ కష్టంగా ఉంది. దారినపోయేవాళ్ళని పిలిచి "బాబూ, కాస్త ఈ సూది" అంటున్నాను.

నువ్వు రాలేదన్న కోపం ఆ ఒక్క బస్సుదే అనుకుంటున్నావు. కాదురా. పక్కన ఎవరో ఒకళ్ళుంటారని, అందులో నాకు కిటికీ సీటు ఉంటుందని, ఒక్క రెండ్రోజులు నన్నెవరో చూసుకుంటారని, ఈ వయసులో సిగ్గులేకుండా ఆశపడ్డాను. అందుకు కోపం.

వచ్చే బుధవారం కంటి చెకప్పు, షాపు ఉండదు. కప్పు పని ఇంకా కాస్త ఉందని తమ్ముడు, అంటే మేస్త్రి, వస్తానన్నాడు. తాళం ఆయనకిచ్చాను.

అక్క

&nbsp;

డిసెంబరు 27, బుధవారం, నీ షాపులో

అమ్మాయ్,

ఇలా పిలవడానికి నోరు రావడం లేదు, చెయ్యి మాత్రం వస్తోంది. నాన్న నువ్వు చూడకుండా పెట్టేవాడని రాశావు కదా. అందుకే నువ్వు లేని రోజు చూసుకుని వచ్చాను. మొదటి బస్సుకే వచ్చాను. దారిలో ఎక్కడా లేను.

మీ తమ్ముడు తలుపు తీశాడు. వరసకి నాకు కొడుకవుతాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చి, నిచ్చెన మీంచి దిగి "టీ తాగుతారా నాన్నగారూ" అన్నాడు. నాకంటే ఐదేళ్ళు పెద్ద మనిషి.

లిఫ్టు మోటార్లో వెంట్రుకంత తీగలు కలిపేవాణ్ణి, సూదెంత అనుకున్నాను. పన్నెండింటికి రెండు గంటలు పట్టింది. రెండుసార్లు వేలు పొడుచుకున్నాను. క్యాలెండరుకి ఆఖరి కాగితమే మిగిలిందని, కొత్త ఏడాదిది కొనుక్కొచ్చి దానికి గుచ్చాను. తెలుపు నాలుగు, నలుపు నాలుగు, ఎరుపు రెండు, మిగతావి చేతికొచ్చిన రంగు. నీ డబ్బా తెరిచాను గానీ ఆ పాతసూది జోలికి పోలేదు. టేపు మిషన్ మీద పెట్టాను.

ప్రతి బుధవారం నాకు సెలవు. వారానికి సరిపడా గుచ్చి వెళ్తాను. నాతో మాట్లాడకపోయినా సరే, నువ్వు లోపలుంటే నేను బయట మెట్ల మీద కూర్చుని ఎక్కిస్తాను.

మీ నాన్న

&nbsp;

డిసెంబరు 28

నాన్నకి,

పొద్దున షాపు తీసి లైటు వేశాను. కొత్త క్యాలెండరు చూశాను. కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. మిగిలిన పనికి అప్పుడే వచ్చిన మేస్త్రి నా తడిసిన మొహం చూసి, కప్పు ఇంకా కారుతోందేమోనని నిచ్చెనెక్కి పైన వెతికాడు, పాపం.

తర్వాత డబ్బా తీసి, పన్నెండో సూదితో నా జాకెట్టుకి ఊడిపోయిన హుక్కు కుట్టుకున్నాను. దారం పుచ్చిపోయిందేమో అనుకున్నాను, గట్టిగానే ఉంది.

ఒక సంగతి. నువ్వు ఎక్కించిన వాటిలో ఒక్కదానికీ చివర ముడి లేదు. నాన్న కూడా వేసేవాడు కాదు. ముడి కుట్టేవాళ్ళే వేసుకోవాలనేవాడు. ఇది నేను నీకు రాయలేదు.

నేను ఒట్టు పెట్టుకుంది తమ్ముడితో మాట్లాడనని. నాన్నతో మాట్లాడనని కాదు. ఆదివారం పదింటికి ఫోన్ చేస్తాను. ముందు ఆ లిఫ్టు సంగతి నీ నోటితో మొదట్నుంచీ చెప్పాలి, నేను నవ్వాలి. ఆ టైములో ఏ లిఫ్టూ ఎక్కకు.

నీ అమ్మాయి